మగ్గం గుంటలో పురుడు

బండారులంకలో ఒక సోమవారం పొద్దున్న కుమారస్వామి గారు కాళ్ళు కడుక్కుని, తడి లేకుండా తుడుచుకుని, మగ్గానికి దణ్ణం పెట్టుకుని, గట్టు మీద కూర్చుని కుడికాలు గుంటలోకి దింపగా, అది పిల్లి పురిట్లో పడింది.

ఇందులో ఆయన అజాగ్రత్త ఏమీ లేదు. గుంటమగ్గం నేసే మనిషి కాళ్ళు గుంటలోకి వదిలి, అడుగునున్న తొక్కుడు చెక్కల్ని తొక్కుతూ పైన పోగుల మధ్య అటూ ఇటూ నాడె ఆడించాలి. పెళ్ళికి ముందునుంచీ ఆయన పాదం చూడకుండానే చెక్క మీదికి పోతోంది. ఆ పొద్దున్న కూడా పోయింది. అయితే చెక్క మీద ఇంకేదో ఉంది. వెచ్చగా ఉంది, జారుడుగా ఉంది, కాలు ఆన్చేసరికి వేళ్ళ సందుల్లోంచి పైకొచ్చింది. పాలతాలికల గిన్నెలో కాలు పెట్టినట్టుందని ఆయన భార్యతో అన్నారు. అన్న పాపానికి ఆ ఇంట్లో మళ్ళీ పాలతాలికలు వండలేదు.

నిజానికి కాలు పడింది పిల్లల మీద కాదు, పక్కనున్న మాయ మీద. పిల్లలు నాలుగూ ఓ మూల ఒకదానిమీదొకటి పడి క్షేమంగానే ఉన్నాయి. "ఎంత అదృష్టమండీ!" అంది చిన్నమ్మలు గారు వంగి చూసి. అప్పటికి ఆవిడ భర్త, ఆ కాలు తన ఒంటిది కానట్టు దూరంగా చాపి పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుకుంటూ నూతి దగ్గరికి పోతున్నారు. ఆయనకది అదృష్టంలా తోచలేదు.

ఇంకొకరికైతే కాలు కడుక్కుంటే పోయే సంగతి. కానీ కుమారస్వామి గారి రోత ఊరందరికీ తెలిసిన రోత. టీ కొట్టుకి సొంత గ్లాసు పట్టుకెళ్తారు. అమలాపురం బస్సెక్కితే సీటుని తువ్వాలుతో దులిపి, ఆ తువ్వాలుని వేరే సంచిలో పెట్టి, ఆ సంచిని ఒళ్ళో పెట్టుకోకుండా చేత్తో వేలాడదీసుకుని కూర్చుంటారు. పెళ్ళి భోజనాలకి వెళ్తే ముందు పందిరి వెనక్కి పోయి వంటవాళ్ళ గోళ్ళు చూసొస్తారు. చూసొచ్చాక పప్పు దాటి ముందుకు పోరు. కన్నకూతురు కళ్యాణి పసిదిగా ఉన్నప్పుడు పక్క తడిపితే ఈయన వీధిలోకి పోయి, అక్కణ్ణించి "చిన్నమ్మలూ, పిల్ల పోసిందే!" అని కేకేసేవారు. ఆ విధంగా ఆ సంగతి ముందు వీధికి, తర్వాత తల్లికి తెలిసేది.

ఇక ఆ పిల్లి అంటారా, అది ఎవరిదీ కాదు, వీధిది. గంజి పెట్టిన నూలంటే ఎలకలకి పెళ్ళిభోజనం. అందుకని ఆ వీధిలో పిల్లిని ఎవరూ పెంచరు, ఎవరూ తరమరు. వచ్చినప్పుడు వస్తుంది, దాని పని చూసుకుని పోతుంది. కుమారస్వామి గారి కేకకి అది గోడెక్కి, అక్కడే కూర్చుని ఈయన వంక చూస్తోంది.

పాదం అరిగేలా తోముకుని వచ్చిన కుమారస్వామి గారికి అప్పుడు అసలు సంగతి తట్టింది. మగ్గానికి పురుటి మైల తగిలింది. ఆ ఇంట మగ్గమంటే అమ్మవారి పీఠం. మైల తగిలితే శుద్ధి చెయ్యందే నాడె ముట్టుకోరాదని ఆయన తండ్రి చెప్పేవాడు, తాత కూడా చెప్పేవాడు. ఆయన బకెట్టు నిండా పసుపు నీళ్ళు కలిపి, వేపమండతో కాస్త పడుగు పోగుల మీద చల్లి, మిగిలింది మొత్తం గుంటలో గుమ్మరించారు.

"అయ్యో, పిల్లలున్నాయి కదండీ!"

"ఉంటే ఏం? వాటికీ నీళ్ళు పోసినట్టవుద్ది. పుట్టిన బిడ్డకి నీళ్ళు పొయ్యరేంటే?"



జవాబు పిల్లి చెప్పింది. గోడ దిగి వచ్చి, గుంటలోకి దూకి, తడవకుండా ఎగువనున్న రెండు పిల్లల్ని ఒక్కోదాన్నీ మెడ పట్టుకుని ఎక్కడికో చేర్చుకుంది. మూడోసారి వచ్చింది. పచ్చగా, తడిగా, ఒంటికి బొచ్చు అతుక్కుపోయి ఉన్న మిగతా రెండింటినీ వాసన చూసింది. ముక్కు చిట్లించింది. ఆ ముక్కు చిట్లింపు కుమారస్వామి గారికి బాగా పరిచయమైనదే, రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసేదే. పిల్లి ఓ తుమ్ము తుమ్మి, వెనక్కి చూడకుండా పోయింది.

"చూసేరా? మీ పసుపు నీళ్ళ కంపుకి కన్నతల్లే వొదిలేసి పోయింది."

"పసుపు కంపేంటే?"

"దాని కంపు మనకి కంపైనప్పుడు, మన కంపు దానికి కంపు కాదేంటండీ?"

సాయంత్రం దాకా చూశారు. తల్లి రాలేదు. గుంటలోంచి వచ్చే కూత పొద్దున్న ఉన్నంత గట్టిగా లేదు. చిన్నమ్మలు గారికి పిల్లి బొచ్చు దగ్గరికొస్తే ఆయాసం. ఒకసారి అమలాపురం ఆసుపత్రిలో మందు పొగ పట్టించుకుని వచ్చిన మనిషి. అందుకని ఆవిడ కిటికీ అవతల నిలబడి తీర్పు చెప్పింది.

"నీళ్ళు పోసింది మీరు. చూసుకోవలసింది మీరే."

కుమారస్వామి గారు ఎడం చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, మొహం పక్కకి తిప్పుకుని, రెండింటినీ పైకి తీశారు. కళ్ళు లేవు, చెవులు మొలవలేదు. తోలు ఒలిచిన ఎలకల్లా ఉన్నాయి. బొడ్డు దగ్గర ఎండిపోయిన పేగు ముక్క ఇంకా వేలాడుతోంది. "ఛీ. ఛీ. ఏం పుటకే ఇది" అంటూనే వాటిని మగ్గం మీది బల్బు కింద పాత పంచెలో పెట్టారు. అటక మీంచి కళ్యాణి తాగిన వెండి ఉగ్గుగిన్నె దింపి, ఆవుపాలు కాచి, ఎక్కువ నీరసంగా ఉన్నదాన్ని, పసిబిడ్డకి పట్టినట్టే, వెల్లకిలా పడుకోబెట్టి నోట్లో పోశారు. పాలు లోపలికి పోయినట్టే పోయి ముక్కులోంచి బుడగలుగా వచ్చాయి.

"మా పుట్టింటోళ్ళు పెట్టిన గిన్నె!" అంది కిటికీ.

కాసేపటికి ఆ పిల్ల కదలటం మానేసింది. కుమారస్వామి గారు దాన్ని వేలితో కదిపారు. మళ్ళీ కదిపారు. చేతికి సంచి తొడుక్కోవడం మరిచిపోయారని ఆయనకి అప్పుడు తెలియలేదు. చిన్నమ్మలు గారు గిన్నె సంగతి వదిలేసి, ఫోను తెచ్చి కిటికీ ఊచల్లోంచి ఇచ్చింది.

పశువుల ఆసుపత్రి కాంపౌండరు కృష్ణమోహన్‌ని ఆ చుట్టుపక్కల అందరూ డాక్టరుగారనే పిలుస్తారు. ఆయన వద్దనడం మానేసి చాలా కాలమైంది.

"ఆయ్, చెప్పండి కుమారస్వామి గారూ. గేదా, దూడాండి?"

"పిల్లి పిల్లండి."

అవతల మోటారు సైకిలు ఆపిన చప్పుడు వినిపించింది.

"సరేనండి. ఒళ్ళు వెచ్చగా ఉందా, చల్లగా ఉందా?"

"చల్లగానే ఉందండి. బల్బు కింద పెట్టేను."

"ఏం బల్బండీ?"

"ఎల్ఈడీ అండి."

"దాని కింద దోమ కూడా వెచ్చబడదండి. ముందు ఒళ్ళు కాగాలి, తర్వాతే పాలు. చల్లటి పిల్లకి పాలు పోస్తే అరగవు, ప్రాణం పోద్ది. పోసెయ్యలేదు కదా?"

"ఒకదానికి పోసేనండి."

"అదెలా ఉంది?"

"లేదండి."

 కృష్ణమోహన్ తిట్టనందుకు కుమారస్వామి గారికి ఇంకా బాధేసింది.

"ఉన్నదాన్ని చూద్దామండి. బనీను వేసుకున్నారా?"

"ఉతికిందే వేసుకున్నానండి."

"దాన్లో పెట్టుకోండి."

"దేన్లో?"

"బనీన్లోనండి. ఒంటికి తగిలేలాగ. పొడిగుడ్డతో తడంతా అద్ది, గుండెల మీద పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకోండి. నేను అమలాపురంలోనే ఉన్నాను, పాలపొడి పట్టుకొస్తాను."

కుమారస్వామి గారు బనీను వంక చూశారు. పిల్ల వంక చూశారు. కిటికీలోంచి భార్య తన వంకే చూస్తోందని చూశారు. కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, చేదు మందు మింగేవాడిలా దాన్ని బనీనులోకి జార్చారు. చల్లగా, చెమ్మగా, చచ్చిన చేపపిల్ల తగిలినట్టు తగిలింది. ఒంటి నిండా గగుర్పాటు. "ఛీ ఛీ ఛీ ఛీ" అని జపంలా అనుకుంటూ గోడకి చేరగిలపడ్డారు. ఆ జపం చాలాసేపు సాగింది. మధ్యలో ఎక్కడో గుండె మీద వెంట్రుకల్లో ఏదో చిన్న మూతి అటూ ఇటూ వెతుక్కోవడం మొదలెట్టింది.

"ఏమే, పాలకోసం నన్ను వెతుకుతోందే! రామరామ!"

"వెతకనియ్యండి. వెతుకుతోందంటే బతికుందనే కదా."

కృష్ణమోహన్ వచ్చి పాలపొడి గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, సూది తీసేసిన సిరంజీతో పట్టడం చూపించారు. బోర్లా ఉంచాలి, తల్లి దగ్గర తాగేటట్టు. వెల్లకిలా పడుకోబెడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక్కో చుక్కే వదలాలి. కుమారస్వామి గారు బుద్ధిగా తలూపారు. ఇంతటితో అయిపోయిందనుకుని లేవబోయారు.

"అసలు పని ఉందండి ఇంకా. ఈ వయసు పిల్లలకి వాటంతటవి ఉచ్చా దొడ్డీ రావండి. పాలు తాగేక తల్లి నాకాలి. నాకితేనే వస్తాయి. రాకపోతే కడుపుబ్బి పోతాయి."

లేవబోయిన కుమారస్వామి గారు మళ్ళీ కూర్చున్నారు.

"నాకడం... ఎవరండీ?"

"మీరు నాకక్కర్లేదండి" అన్నారు కృష్ణమోహన్ దయగా. "తడిగుడ్డ చాలు."

కిటికీ అవతల చిన్నమ్మలు గారికి ఆయాసం వచ్చింది, కానీ అది బొచ్చు వల్ల కాదు.

వెచ్చటి నీళ్ళలో ముంచిన మెత్తటి గుడ్డతో తోక కింద నెమ్మదిగా, నాలిక తగిలినట్టు రాయాలి. మెత్తటి గుడ్డ అన్నమాట దగ్గర కుమారస్వామి గారు ఆగారు. చేతికందిన తువ్వాలు తీసి, బొటనవేలితో రాసి చూసుకుని, పక్కన పడేశారు. ముతక. ఇంకోటి తీశారు. అదీ ముతకే. చివరికి బీరువాలోంచి, ఎప్పుడో కళ్యాణి ఊయలకని తన చేత్తో సన్న నూలు పెట్టి నేసి, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన గుడ్డ తీసి, ఓ మూల చింపారు. 

మొదటి రాపిడికి ఏమీ రాలేదు. రెండోసారీ రాలేదు. కుమారస్వామి గారు ముక్కు మూసుకోవడానికి ఇంకో చెయ్యి లేక ఊపిరి బిగబట్టి రాస్తున్నారు. అప్పుడు గుడ్డ మీద పచ్చటి చుక్కొకటి పొడిచింది. దాని వెనకే ఇంకోటి.

"పోసిందే! చిన్నమ్మలూ, పోసిందే!"

ఆ కేక పక్కింటి మరిడమ్మ పెరట్లోకి కూడా వినబడింది. "ఎవరు పోసేరండీ అన్నయ్యగారూ?" అని ఆవిడ దడి మీంచి అడిగింది. అన్నయ్యగారు ఆ చుక్క చేతికి తగిలిందని అప్పుడే చూసుకుని, కాలవ గట్టు దాకా పరిగెత్తి వాంతి చేసుకుంటున్నారు.

అప్పణ్ణించి ఆ ఇంట్లో సబ్బులు కరిగిపోవడం మొదలైంది. పాలు పట్టడం, తుడవడం, చేతులు మోచేతుల దాకా కడుక్కోవడం, ఆరేలోగా మళ్ళీ పాలవేళ కావడం. దొడ్డి వచ్చిన రోజున అది మెత్తటి ఆవముద్దలా ఉంది. వీధి చివర వాళ్ళకి కూడా ఆ వాసన తెలిసింది. తాగిన పాలు సగం ఆయన బనీనులోనే కక్కేది. దాని ఒంట్లోంచి రక్తం తాగే గోమార్లు దిగి ఆయన చంకల్లో కాపురం పెట్టాయి. ఒక్కోదాన్నీ పట్టి సబ్బు నీళ్ళలో వేస్తూ, "ఛీ, నీ జన్మ, నీ అమ్మ జన్మ" అని తిట్టేవారు. తిడుతూనే సీసాలో వేణ్ణీళ్ళు మార్చి గుడ్డ చుట్టి దాని పక్కన పెట్టేవారు. మగ్గం చప్పుడు ఆగిపోయిందని వీధంతా గమనించింది. చిన్నమ్మలు గారు కూతురికి ఫోను చేసి, ఈయనకి వినబడేంత గట్టిగా, "మీ నాన్నగారు ముడ్డి కడుగుతున్నారే! నీకు కాదులే" అని చెప్పింది.

అలా ఉండగా వెంకటరమణ గారి మనవరాలికి ఓణీల ఫంక్షను వచ్చింది. దగ్గర చుట్టం, మానడానికి లేదు. వెళ్తే పాలవేళ తప్పుతుంది, వెళ్ళకపోతే మాట పడుతుంది. కుమారస్వామి గారు తెల్లటి చొక్కా లోపల పిల్లని పెట్టుకుని, జేబులో సిరంజీ పెట్టుకుని వెళ్ళారు. పక్కన కూర్చున్న వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫ్యాను దగ్గరికి మారిపోయారు. ఎదుటివాళ్ళ ముక్కులు అలా ముడుచుకోవడం ఆయన జన్మలో మొదటిసారి చూశారు, అదీ తన వల్ల. వడ్డన మొదలవుతుండగా చొక్కా "మ్యా" అంది. ఎదురుగా ఉన్న పెద్దాయన తన చెవి మిషను సవరించుకున్నాడు.

ఇక ఆగే పని కాదని ఆయన పందిరి వెనక్కి పోయి, గాడిపొయ్యి పక్కన వెచ్చగా ఉందని అక్కడ కూర్చుని, పని కానిస్తుండగా వంటాయన గరిటె పట్టుకుని వచ్చాడు.

"ఏవండీ! కిందటేడు మా కుర్రాడి గోళ్ళు చూసి పులిహోర ముట్టుకోలేదు మీరు. ఇవేం గోళ్ళండీ, ఇదేం పనండీ, వంటకాడ!"

కుమారస్వామి గారు చెయ్యి వెనక్కి దాచుకోబోయారు. కానీ ఆ చేతిలో పని ఇంకా అవలేదు.

"ఒక్క నిమిషం బాబూ" అన్నారాయన బతిమాలుతూ. "వచ్చేస్తోంది."

ఆ రోజు ఆయన అన్నం తినలేదు. వంటవాళ్ళ గోళ్ళ వల్ల మాత్రం కాదు.

పిల్లకి కళ్ళు తెరుచుకున్నాయి. చెవులు లేచాయి. కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకీ పోతూ నడక నేర్చింది. పళ్ళు మొలిచాయని ఆయన బొటనవేలే చెప్పింది. అన్నీ వచ్చాయి కానీ, ఆ ఒక్కటే రాలేదు. పాలు తాగి, కడుపు బిర్రుగా చేసుకుని, వచ్చి ఆయన ముందు తోకెత్తి నిలబడేది. తుడిస్తేనే పోసేది. తుడవకపోతే మూలుగుతూ కూర్చునేది. మనిషి పక్కన లేని పూట ఈ పిల్ల ఏమైపోతుందన్న దిగులు కుమారస్వామి గారికి పట్టుకుంది. మొదటిది పోయిన సంగతి పైకి అనరు గానీ, ఆ దిగుల్లో అది కూడా ఉంది.

కృష్ణమోహన్ వచ్చి కడుపు నొక్కి చూశారు.

"ఇంక తుడవడం మానెయ్యండి. మీరు తుడిచినంతకాలం అది నేర్చుకోదు."

"నేర్చుకోకపోతేనండీ?"

"నేర్చుకుంటుందనే అనుకుందామండి. రేపు పొద్దుపోయేలోగా పొయ్యకపోతే మాత్రం నా దగ్గరికి పట్టుకురండి, ఆలస్యం చెయ్యద్దు."

మర్నాడు కుమారస్వామి గారు పాలు పట్టారు, గుడ్డ ముట్టుకోలేదు. పిల్ల తోకెత్తి నిలబడింది. ఆయన మొహం తిప్పుకున్నారు. ఇటు తిరిగితే ఇటొచ్చి నిలబడింది.

"పోవే. చేతకానిదానా. నీ ఈడు పిల్లలు ఈపాటికి ఎలకల్ని పడుతుంటారు" అన్నారు. 

చాలా రోజుల తర్వాత మగ్గం ఎక్కారు. పోగు తెగింది. అతికారు, మళ్ళీ తెగింది. మధ్యాహ్నానికి పిల్ల కడుపు చిన్న కొబ్బరి పిందెలా గట్టిపడింది. అది మూలిగినప్పుడల్లా ఆయన చెయ్యి ఉయ్యాల గుడ్డ మీదికి పోయేది.

"ముట్టుకోకండి" అనేది కిటికీలోంచి చిన్నమ్మలు గారు.

"ముట్టుకోలేదే."

"చూసేనండి."

అన్నం పిలుపుకి ఆయన లేవలేదు. ఎండ గోడ దిగి పెరట్లోకి పోయింది. నాడె అటోసారి ఇటోసారి పోయాక ఆయన కిందికి చూస్తే పిల్ల లేదు. గుంటలో లేదు, నూలు కండెల బుట్టలో లేదు, మంచం కింద లేదు. ఆయన లేచి చొక్కా కూడా వేసుకోకుండా పెరట్లోకి నడుస్తుండగా దడి అవతల మరిడమ్మ గొంతు లేచింది. లేచిన గొంతు దడి దాటి, పెరడు దాటి, మనిషితో సహా ఎదురుగా వచ్చి నిలబడింది. ఒక చేతిలో మెడ పట్టుకుని వేలాడదీసిన పిల్లిపిల్ల. రెండో చేతిలో తడిసిన గుడ్డ. ఆ గుడ్డకి అతుక్కుని ఉన్నవి ఒకప్పుడు గుమ్మడి వడియాలు.

"ఇదేమన్నా బాగుందాండీ అన్నయ్యగారూ? పొద్దున్నుంచీ నడుం పడిపోయేలాగ పెట్టుకున్నానండి వడియాలు! ఏడాది పొడుగునా తినేవండీ! ఎవరూ లేరనుకున్నారో ఏటో, తమరి పిల్లి దడి కిందనుంచి దూరొచ్చి, అంత పెరడుండగా, సరిగ్గా వడియాల మధ్యన కూర్చుని, నా కళ్ళముందే, నన్నే చూస్తా, ఓ చెంబుడు పోసేసిందండీ! అసయ్యం కాదాండీ? ఊరందరికీ శుభ్రం చెప్పే మనుషులు కదా, చెప్పండి, ఏటంటారు?"

చిన్నమ్మలు గారు క్షమించమని చేతులు జోడించబోతుంటే, కుమారస్వామి గారు వాసన కొడుతున్న ఆ గుడ్డని రెండు చేతులా అందుకుని, మరిడమ్మ మొహంలోకి ఆత్రంగా చూశారు.

"దానంతటదే పోసిందా, చెల్లెమ్మా?"